సార్ లేరా మేడం?

మిక్సీ తిరగకపోతే మనల్నే అడుగుతారు. స్టవ్ మంట ఎర్రగా వస్తుంటే బర్నర్ తీసి పిన్నీసుతో రంధ్రాలు పొడిచేది మనమే. ఫ్యాన్ మూలుగుతూ నెమ్మదిగా తిరుగుతుంటే "కండెన్సర్ పోయింది" అని తేల్చేదీ మనమే. ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు ఎప్పుడు పోయాలో ఇంట్లో ఇంకెవరికీ గుర్తుండదు. అయినా సరే, టీవీ వెనక వైఫై డబ్బా పక్కన చిన్న లైట్లతో మినుకుమనే ఇంకో డబ్బా ఒక పొద్దున లేవకపోతే, దాన్ని సంచిలో పెట్టుకుని రిపేరు షాపుకు పోయిన మనల్ని చూసి అడిగే మొదటి మాట: "సార్ లేరా మేడం?"

డబ్బాకు ఏమైందని అడగరు, ఎప్పటి నుంచి అలా ఉందని అడగరు. ముందు సారు కావాలి. ఈ మాట మీద నాకు చాలా కోపం ఉంది. షాపు కుర్రాడి మీద కన్నా, ఆ మాట పుట్టడానికి కారణమైన మన ఇళ్ళ మీద ఎక్కువ కోపం. ఎందుకో చెప్తాను.

ముందు ఆ డబ్బా సంగతి. దాన్ని నాస్ అంటారు. ఇంటి వైఫైకి తగిలించిన హార్డ్ డిస్కుల పెట్టె, అంతే. ఇంట్లో అందరి ఫోన్లలోని ఫొటోలు, వీడియోలు, స్కాన్ చేసిన కాగితాలు అందులోకి పోయి చేరతాయి. ఎవరి ఫోన్లో నుంచైనా తిరిగి చూసుకోవచ్చు. అటక లాంటిదనుకోండి. ఒకప్పుడు గూగుల్ ఫొటోస్‌లో ఎన్ని ఫొటోలైనా కాస్త నాణ్యత తగ్గించి ఉచితంగా దాచుకునేవాళ్ళం. 2021 జూన్ 1 నుంచి కొత్తగా వేసేవన్నీ ఆ 15 జీబీ లెక్కలోకి వచ్చాయి. ఫోన్లన్నీ "స్టోరేజ్ నిండింది" అని గోల పెట్టడం మొదలైంది. అప్పుడే హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే కొడుకో, మరిదో, అల్లుడో ఈ డబ్బా తెచ్చి పెట్టిపోయారు. మా ఇంట్లో పెట్టింది మా మరిది. మంచి పనే చేశాడు, కాదనను.

అందులో ఏముందో ఎప్పుడైనా లెక్క వేశారా? పిల్లల బారసాల నుంచి పదో తరగతి దాకా ఫొటోలు. పోయిన మామయ్య గొంతు ఉన్న ఒకే ఒక వీడియో. పెళ్ళి ఆల్బమ్ స్కాన్. ఇవన్నీ ఒక ఎత్తు. మన బొగ్గు బెల్టులో కాగితాలు ఇంకో ఎత్తు. సర్వీసు కాగితాలు, సీఎంపీఎఫ్ చిట్టీలు, పెన్షన్ ఫారాలకు పెట్టిన జంట ఫొటో, పాత స్కూలు టీసీ. గోదావరిఖనిలో మారుపేర్ల గొడవ తెలియని వీధి ఉందా? అప్పట్లో ఒక పేరుతో బాయి పనిలో చేరి, ఇంటి దగ్గర ఇంకో పేరుతో బతికిన వాళ్ళు ఎందరో. వాళ్ళ పిల్లలు డిపెండెంటు ఉద్యోగం అడిగినప్పుడు ఆ ఇద్దరూ ఒకే మనిషని రుజువు చేయడానికి ఎన్ని కాగితాలు, ఎన్ని ఆఫీసులు! అలాంటి ఇళ్ళలో ఒక పాత కాగితం విలువ బంగారం కన్నా ఎక్కువ.

ఇంత విలువైన వాటికి తాళం చెవి ఎవరి దగ్గరుంది? ఒక్క మనిషి తలలో. పాస్‌వర్డ్ ఆయనకు తెలుసు. డబ్బాలో ఎన్ని డిస్కులున్నాయో, ఏ కంపెనీదో, వారంటీ ఎప్పటిదాకానో ఆయనకే తెలుసు. "ఏమండీ, ఆ పాస్‌వర్డ్ ఏదో ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి" అని మూడేళ్ళుగా అడుగుతున్నాను. "నీకెందుకే అవన్ని, ఏమన్న అయితే నేను చూస్త కద" అన్నదే జవాబు.

ఎక్కడి నుంచి చూస్తారు? మన మగవాళ్ళు ఎక్కడ పని చేస్తారో మరిచిపోయారా? బాయిలోకి అగ్గిపెట్టె పోదు, సెల్‌ఫోన్ పోదు. దిగిన మనిషి మళ్ళీ పైకి వచ్చేదాకా షిఫ్టు మొత్తం ఇంటికి అందుబాటులో ఉండడు. అదీ రోజూ జరిగే సంగతి. ఇంకో సంగతి నోటితో అనడానికి మనసొప్పదు కానీ, ఈ ఊళ్ళో ఉంటూ దాన్ని అనకుండా దాటలేం. 2003 జూన్ 16న మన గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్ళు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. డ్యూటీకి పోయిన మనిషి తిరిగొస్తాడన్న నమ్మకం మీదే మనం పొయ్యి వెలిగిస్తాం. కానీ ఇంటి కాగితాలు ఆ నమ్మకం మీద ఆనించి పెట్టేవి కావు. ఎందుకంటే ఆ కాగితాలతో అవసరం పడేది సరిగ్గా ఆ మనిషి లేని రోజునే.

గనిలో పనిచేసే వాళ్ళకు ఇది నేను చెప్పాలా? బొగ్గుగనుల నిబంధనల ప్రకారం భూగర్భ గనికి బయటికి వచ్చే దారులు కనీసం రెండు ఉండాలి. ఒకటి మూసుకుపోతే రెండోదాంట్లో నుంచి రావాలని. ఈ సూత్రం బాయి మీద పనిచేసే ప్రతి మనిషికీ కంఠతా వచ్చు. మరి ఇంటికి వచ్చి ఒకే దారి ఉన్న డబ్బాలో మొత్తం సంసారాన్ని ఎలా పెడతారు?

పోయిన మే నెలలో మా డబ్బా లేవలేదు. సాయంత్రం గాలివాన వచ్చింది, కరెంటు నాలుగుసార్లు పోయి వచ్చింది. దేశానికి కరెంటు పంపే 2600 మెగావాట్ల ఎన్టీపీసీ పక్కనే ఉన్నా, గాలివానకు తీగలు ఆగవు కదా. తెల్లారి చూస్తే నీలం లైటు ఒకసారి మెరుస్తుంది, లోపల "టక్" మంటుంది, ఆరిపోతుంది. మళ్ళీ మెరుస్తుంది, మళ్ళీ ఆరిపోతుంది. ఆయన మొదటి షిఫ్టుకు పోయారు. మరిదికి ఫోన్ చేస్తే, "వదినా, దాన్ని ముట్టకు, దసరాకు వచ్చినప్పుడు చూస్త" అన్నాడు. మేలో చెడితే దసరాకు చూస్తాడట! అత్తమ్మ మెల్లగా, "పొద్దుగాల ఊడ్సినవ్ కద బిడ్డా, వైరుకేమన్న తగిలిందేమో" అన్నది.

ఇదీ నా రెండో కోపం. ఆ డబ్బాలో ఏముందో, ఎలా తెరవాలో మనకు తెలియాల్సిన పని లేదు, కానీ చెడిపోతే మొదటి అనుమానం మాత్రం మన చీపురు మీద! ముట్టొద్దన్న వస్తువు చెడితే ముట్టినవాళ్ళం మనమే ఎలా అవుతాం?

ఈ డబ్బాలు అసలు ఎందుకు చెడతాయో చూడండి. ఇళ్ళలో వాడే చాలా నాస్ డబ్బాల కాగితాల మీద, చుట్టూ వేడి 0 నుంచి 40 డిగ్రీల మధ్య ఉండాలని రాసి ఉంటుంది. రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు చూడని వాళ్ళెవరు? ఏసీ లేని గదిలో, టీవీ వెనక, గాలి ఆడని చోట ఆ డబ్బాను పెట్టిందెవరు? దానికి తోడు మన ఊరి నల్లదుమ్ము. పొద్దున తుడిచిన కిటికీ సాయంత్రానికి నల్లబడే చోట, ఆ డబ్బా వెనక ఫ్యాన్ ఆ దుమ్మునంతా లోపలికి పీలుస్తుంది. యూపీఎస్ లేకుండా నేరుగా గోడకు పెడితే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దెబ్బ దానికే. ఒక్కోసారి ఇంట్లో ఎవరి తప్పూ ఉండదు, తయారీలోనే లోపం ఉంటుంది. ఇంటెల్ కంపెనీ ఆటమ్ సీ2000 చిప్పుల్లో అలాంటి లోపమే ఉన్నట్టు 2017లో బయటపడింది. ఆ చిప్పు ఉన్న పరికరాలు కొంతకాలం చక్కగా నడిచి, ఒకరోజు ఇక లేచేవి కావు. పేరున్న నాస్ కంపెనీలు కొన్ని మోడళ్ళకు వారంటీ పొడిగించాల్సి వచ్చింది. కోట్ల రూపాయల కంపెనీ చిప్పు చచ్చిపోతే కూడా మన చీపురే నేరస్థురాలా?

ఇక మా డబ్బా. దాన్ని నేను ముట్టాను. ముట్టడానికి ముందు చదివాను, ఒక వరసలో పోయాను. ఆ వరస మీకూ చెప్తాను, ఇందులో మన బుర్రకు అందనిది ఏమీ లేదు.

మొదట గోడ సాకెట్. అందులో ఫోన్ ఛార్జర్ పెట్టి చూశాను, ఎక్కుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్స్ తీసేసి డబ్బాను నేరుగా గోడకు పెట్టాను. అదే తంతు.

తర్వాత అడాప్టర్, అంటే దాని ఛార్జర్. అడాప్టర్ మీద చిన్న లైటు వెలుగుతోంది. అందరూ అక్కడే మోసపోతారు. లైటు వెలిగిందంటే కొంచెం కరెంటు వస్తోందని మాత్రమే అర్థం. నల్లాలో సన్నని ధార వస్తే నల్లా వచ్చిందనుకుంటాం, కానీ బిందె నిండుతుందా? హార్డ్ డిస్కులు తిరగడం మొదలుపెట్టే ఆ కొన్ని సెకన్లలో చాలా ఎక్కువ కరెంటు లాగుతాయి. అలసిపోయిన అడాప్టర్ అక్కడే చేతులెత్తేస్తుంది. వేడికి అడాప్టర్ లోపలి కెపాసిటర్లు ఎండిపోవడం మామూలే. మన ఫ్యాన్ కండెన్సర్‌కు అన్న లాంటివే అవి.

మూడోది, డిస్కులు తీసి చూడటం. ప్లగ్గు పూర్తిగా పీకేసి, డిస్కులకు 1, 2 అని స్టిక్కర్లు అంటించి, బయటికి లాగాను. ఆ అంకెలు ముఖ్యం, తిరిగి పెట్టేటప్పుడు అదే వరసలో పెట్టాలి. ఖాళీ డబ్బా ఆన్ చేస్తే లేచింది! లైటు నిలబడింది, ఫ్యాన్ తిరిగింది. అంటే డబ్బా బోర్డు బతికే ఉంది. డిస్కులు పెట్టగానే పడిపోతోందంటే లోపం అడాప్టర్‌లో అయినా ఉండాలి, డిస్కులో అయినా ఉండాలి. రెండింటిలో చవకైనది ముందు మార్చి చూడాలి. పప్పు ఉడకకపోతే కుక్కర్ కొత్తది కొనే ముందు గ్యాస్కెట్ మార్చమూ? అదే లెక్క.

చెయ్యకూడనివి కూడా మూడున్నాయి. డబ్బా వెనక చిన్న రంధ్రంలో ఉండే రీసెట్ బటన్ నొక్కకండి. కొన్నింట్లో అది పాస్‌వర్డును మాత్రమే మారుస్తుంది, కొన్నింట్లో మొత్తం కొత్తదానిలా చేసేస్తుంది. మన దాంట్లో ఏది చేస్తుందో తెలియకుండా నొక్కడం ఎందుకు? డిస్కు లోపల గడియారంలా టిక్ టిక్ మని ఆగకుండా కొట్టుకుంటుంటే మళ్ళీ మళ్ళీ ఆన్ చేయకండి, ప్రతిసారీ లోపల ఇంకాస్త గీసుకుపోయే ప్రమాదం ఉంది. ఇక అన్నిటికన్నా పెద్దది: డిస్కు తీసి విండోస్ కంప్యూటర్‌కు పెడితే, "ఫార్మాట్ చేయాలా?" అని అడుగుతుంది. వద్దు అనండి. ఈ డబ్బాలు చాలావరకు లైనక్స్ పద్ధతిలో రాసుకుంటాయి, విండోస్‌కు ఆ రాత రాదు. తెలుగు రాని మనిషి తెలుగు పుస్తకం చూసి "ఇవేవో పిచ్చి గీతలు, చెరిపేసి వాడుకుందాం" అన్నట్టుంటుంది ఆ ప్రశ్న. ఔనన్నామా, మామయ్య గొంతు పోయినట్టే.

అడాప్టర్ కోసం షాపుకు పోతే "సార్ లేరా మేడం? సార్‌ను పంపియ్యుండ్రి, మాట్లాడుతం" అన్నారు. ఛార్జర్ మార్చి చూడమన్నాను. ఛార్జర్ లైటు వెలుగుతోంది కాబట్టి డిస్కులే పోయాయన్నారు. రికవరీకి 20 వేలట. లేదంటే ఫార్మాట్ కొట్టి కొత్తదానిలా చేసిస్తారట. డబ్బా సంచిలో పెట్టుకుని వచ్చేశాను. అడాప్టర్ మీద రాసినవే చూసి 12 వోల్టులు సరిగ్గా అంతే, ఆంపియర్లు అంతే లేదా కాస్త ఎక్కువ, పిన్ను అదే సైజు, ప్లస్ మైనస్ గుర్తు అదే ఉన్న కొత్త అడాప్టర్ తెప్పించాను. 1,400 రూపాయలు. డిస్కులు వరసగా పెట్టి ఆన్ చేశాను. లేచింది. దసరా దాకా ఆగలేదు.

సరే, ఇప్పుడు ఎదురువాదనలు. అన్నీ విన్నాను.

"పాస్‌వర్డ్ అందరికీ చెప్తే సేఫ్టీ ఏముంటుంది?" అంటారు. 2021 జూన్‌లో వెస్ట్రన్ డిజిటల్ కంపెనీ మై బుక్ లైవ్ డబ్బాలు వాడేవాళ్ళకు ప్రపంచమంతా ఒకే అనుభవం: పొద్దున లేచి చూస్తే డబ్బా ఖాళీ. ఇంటర్నెట్ ద్వారా ఎవరో లోపలికి దూరి ఏళ్ళ తరబడి దాచుకున్నవి తుడిచేశారు. ఆ డబ్బాలకు కంపెనీ 2015లోనే అప్‌డేట్లు ఆపేసింది. ఆ దొంగలకు ఏ ఇల్లాలూ పాస్‌వర్డ్ చెప్పలేదు. ప్రమాదం బయట నుంచి ఉంది, అప్‌డేట్ చేయని డబ్బాను ఇంటర్నెట్‌కు తెరిచి వదిలేయడంలో ఉంది. ఇంటి బీరువాలో కవరు పెడితే పోయే సేఫ్టీ ఏమిటో నాకు అర్థం కాదు. నగల బీరువా తాళాలు మన కొంగుకే ఉంటాయి కదా!

"అయితే డబ్బా మానేసి అంతా క్లౌడ్‌లో పెడదాం" అంటారు ఇంకొందరు. పెట్టండి, కానీ అది కూడా ఒక్కటే దారి కాకూడదు. 2023లో అదే కంపెనీ మీద సైబర్ దాడి జరిగినప్పుడు మై క్లౌడ్ సేవలు ఏప్రిల్ మొదట్లో చాలా రోజులు ఆగిపోయాయి. లాగిన్ కంపెనీ సర్వర్ల మీదుగా కావాలి కాబట్టి, డబ్బా తమ ఇంట్లోనే ఉన్నా అందులోని ఫొటోలు చూసుకోలేక ఎంతోమంది తిట్టుకున్నారు.

"రెండు డిస్కులున్నాయి కదా, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది" అన్నది మా మరిది వాదన. రెండూ అద్దంలో బొమ్మల్లాంటివి. ఒక డిస్కు చెడిపోతే రెండోది నిలబెడుతుంది, నిజమే. కానీ ముఖం కడిగితే అద్దంలో బొట్టు మాత్రం మిగులుతుందా? పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపితే రెండింట్లోనూ ఒకేసారి చెరుగుతుంది. పిడుగు పడితే రెండూ ఒకే డబ్బాలో ఉన్నాయి. దొంగ ఎత్తుకుపోయినా అంతే.

ఈ తెలివి మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆవకాయ మొత్తం ఒకే జాడీలో పెట్టుకుని రోజూ అందులోనే గరిటె పెట్టే ఇల్లాలు ఉందా? పెద్ద జాడీ వాసెన కట్టి పైన పెడతాం, వారానికి సరిపడా చిన్న జాడీలోకి తీస్తాం, ఇంకో సీసా అమ్మగారింటికో కూతురింటికో పంపుతాం. ఒకదాంట్లో బూజు పట్టినా ఏడాదంతా పచ్చడి ఉంటుంది. కంప్యూటర్ వాళ్ళు దీన్నే మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి ఇంటి బయట అని సూత్రంగా చెప్తారు.

1998లో పిక్సార్ స్టూడియోలో టాయ్ స్టోరీ 2 సినిమా ఫైళ్ళు ఎవరో ఇచ్చిన ఒకే ఒక్క కమాండ్‌తో చెరిగిపోవడం మొదలైంది. బ్యాకప్ ఉందిలే అని చూస్తే అది సరిగా పనిచేయడం లేదని తెలిసింది. అంత పెద్ద స్టూడియోలో అంతమంది ఇంజనీర్లు తలలు పట్టుకుంటే, కాపీ దొరికింది గాలిన్ సుస్మన్ అనే సాంకేతిక దర్శకురాలి ఇంట్లో. పసిబిడ్డ తల్లి కాబట్టి ఆవిడ ఇంటి నుంచి పని చేసేది, అందుకని సినిమా కాపీ ఆవిడ ఇంటి కంప్యూటర్‌లో ఉంది. దాన్ని దుప్పట్లలో చుట్టి కారులో తెచ్చారు. వాళ్ళను ఒడ్డున పడేసింది ఒక బాలింత ఇంట్లో ఉన్న రెండో కాపీ. "ఇంట్లో ఉండేదానికి ఇవన్నీ ఎందుకు" అనేవాళ్ళకు ఈ కథ చెప్పండి.

అక్కలారా, చెల్లెళ్ళారా, నేను మగవాళ్ళను దొంగలనడం లేదు. చాలామంది ప్రేమతోనే పెట్టారు ఆ డబ్బాలను. ప్రేమతో పెట్టి, తాళం తమ దగ్గరే ఉంచుకుని, దాన్ని కూడా ప్రేమే అనుకుంటున్నారు. దానికి మనం ఒప్పుకోవద్దు. మనకు కంప్యూటర్ ఇంజనీరింగ్ చేయాల్సిన అవసరం లేదు. ఒక నోటు పుస్తకంలో ఒక పేజీ చాలు: డబ్బా కంపెనీ, మోడల్ నంబరు, కొన్న తేదీ, అడాప్టర్ మీది వోల్టులు, ఆంపియర్లు, డిస్కులు ఎన్ని, యూజర్ పేరు, పాస్‌వర్డ్. ఆ పేజీ కవరులో పెట్టి అంటించి బీరువాలో నగల పక్కన పెట్టండి. ఇంకో చిన్న హార్డ్ డిస్క్ కొనించి, ముఖ్యమైన కాగితాలు, ఫొటోలు అందులో ఎక్కించి అమ్మగారింట్లో ఉంచండి. ఆరు నెలలకోసారి, పండక్కి పోయినప్పుడు, దాన్ని తెచ్చి కొత్తవి చేర్చి మళ్ళీ అక్కడే పెట్టి రండి. డబ్బాను టీవీ వెనక నుంచి తీసి గాలి తగిలే చోట పెట్టించండి, చిన్న యూపీఎస్ అడగండి, దుమ్ము మనమే దులుపుదాం.

ఇంకో పని ఉంది, అది రాసి పెట్టడం కన్నా ముఖ్యం. ఈ ఆదివారం, ఇంటాయన పక్కన కూర్చుని ఉండగా, మీ ఫోన్‌లో మీ చేత్తో ఆ డబ్బా తెరవండి. మీ పెద్ద బిడ్డ మొదటి పుట్టినరోజు ఫొటో ఒకటి, ఆయన సర్వీసు కాగితం ఒకటి వెతికి తీయండి. ఆయన చెయ్యి పెట్టనివ్వొద్దు. అడ్డం పడిన చోటల్లా అడిగి నోటు పుస్తకంలో రాసుకోండి. రెండూ దొరికిన తర్వాతే టీ పెట్టండి.